తారీఖు తెలిసిన ప్రయాణం

పొడవాటి గెడకర్రకు దుప్పటి రెండు కొసలూ గట్టిగా ముడేస్తే డోలీ తయారు. అందులో నెలలు నిండిన మనిషి మోకాళ్లు పొట్టకేసి ముడుచుకుని పడుకుంటుంది. ముందొకరు, వెనకొకరు భుజానికెత్తుకుంటారు. భుజాలు మార్చుకోవడానికి ఇంకో ఆరేడుగురు పక్కన నడుస్తారు. పాత చీరల మూట చంకన పెట్టుకుని అత్తో అమ్మో వెనకాల వస్తుంటుంది. పాడేరు ఏజెన్సీలోనూ, సాలూరు, గుమ్మలక్ష్మీపురం వైపు కొండల మీదా ఏ పై ఊరికి వెళ్లి అడిగినా, డోలీ మోసిన భుజం ఒకటైనా కనిపిస్తుంది.

ఎండాకాలం ఫరవాలేదు. వానలు పట్టాక బాట జారుతుంది, గెడ్డలు పొంగుతాయి. నడుములోతు నీళ్లలో డోలీని తలపైకి ఎత్తిపట్టుకుని దాటాలి. రాత్రి నొప్పులొస్తే ముందుగా ఒకడు సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి ఫోన్ చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్స్ మొదలైంది 2005 ఆగస్టు 15న. మైదానంలో అది ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో అందరికీ తెలుసు. కానీ ఆ బండికి రోడ్డు కావాలి. రోడ్డు ఆగిన చోటే అదీ ఆగుతుంది. అక్కడిదాకా మోసుకొచ్చే బాధ్యత మాత్రం ఊరిదే. దారిలోనే కాన్పయిన తల్లులున్నారు. చెట్టుకింద చీరలు అడ్డం పట్టి ఆడవాళ్లే బిడ్డను పట్టుకున్న సందర్భాలున్నాయి. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. రెండు గంటల్లో డోలీ ఎంత దూరం పోతుంది?

ఇలాంటి డోలీ ఫొటో పత్రికలో వచ్చినప్పుడల్లా రోడ్డు మాటే పైకొస్తుంది. ఆ మాట న్యాయమైనదే. 2024 డిసెంబరులో సాలూరు నియోజకవర్గంలోని బాగుజోల వద్ద గిరిజన గ్రామాల రోడ్లకు శంకుస్థాపన జరిగింది. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో గిరిజన ఊళ్లకు రోడ్లు వేసే ‘అడవితల్లి బాట’ మొదలైంది. ఈ పనులు ఆగకుండా సాగాలని మనసారా కోరుకుంటాను. అయితే పది గడపల ఊరికి రాతి కొండ తొలిచి రోడ్డు వేయడానికి ఏళ్లు పడుతుంది. అటవీ అనుమతులు రావాలి, కాంట్రాక్టరు దొరకాలి, మొదటి వానకు వేసింది కొట్టుకుపోకుండా ఉండాలి. వచ్చే ఆషాఢంలో నొప్పులు రాబోయే అమ్మాయి అన్నాళ్లు ఆగలేదు.

తల్లుల మరణాలను పరిశీలించిన థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో మూడు ఆలస్యాల గురించి రాశారు. ఆస్పత్రికి వెళ్దామని ఇంట్లో తేల్చుకోవడంలో ఒక ఆలస్యం, దారిలో రెండోది, తీరా వెళ్లాక వైద్యం అందడంలో మూడోది. మన చర్చంతా రెండోదాని చుట్టూనే తిరుగుతోంది. కానీ కాన్పు పాముకాటులా చెప్పకుండా వచ్చేది కాదు. ఏ ఇంట్లో ఎవరికి ఎన్నో నెలో ఆశ కార్యకర్తకు తెలుసు. ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో తారీఖు రాసే ఉంటుంది. కొన్నాళ్లు అటూ ఇటూ కావచ్చు, అంతే. నొప్పులు మొదలయ్యాక పరుగులు పెట్టే బదులు, నొప్పులకు ముందే ఆ మనిషిని ఆస్పత్రి పక్కకు చేర్చగలిగితే డోలీ అవసరమే రాదు.

ఈ ఆలోచనను ఆచరణలో పెట్టింది సాలూరు. అప్పట్లో అది విజయనగరం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. 2018లో పార్వతీపురం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) అక్కడి యువజన శిక్షణ కేంద్రం భవనాన్ని గర్భిణుల వసతి గృహంగా మార్చింది. రోడ్డు లేని ఊళ్ల నుంచి నెలలు నిండబోతున్న వాళ్లను ముందుగానే తీసుకొచ్చి ఉంచారు. వేళకు తిండి, మందులు, పరీక్షలు అక్కడే, నొప్పులు మొదలైతే పక్కనే ఆస్పత్రి. తర్వాత గుమ్మలక్ష్మీపురంలోనూ ఇలాంటిదే పెట్టారు. ఇందుకు కొత్త యంత్రాలు కొనక్కర్లేదు, పెద్ద డాక్టర్లను రప్పించక్కర్లేదు. ఉన్న భవనం, ఉన్న రిజిస్టర్ అక్కరకొస్తాయి. క్యూబాలో ఇలాంటి ప్రసూతి నివాసాలు 1962 నుంచీ ఉన్నాయి. తమిళనాడు కూడా గిరిజన ప్రాంతాల ఆరోగ్య కేంద్రాల్లో కాన్పుకు ముందు ఉండే గదులు కట్టింది.

గది కట్టగానే ఆడవాళ్లు వచ్చేస్తారా? రారు. ఈ విషయం దగ్గర కాస్త నిలబడాలి.

కొండమీది ఇల్లాలు నెలరోజులు ఊరు విడిచిపోవడమంటే ఏమిటో ఆలోచించండి. ఇంట్లో మూడేళ్ల పిల్ల ఉంటుంది. పోడులో చోడి, సామ కలుపు తీతకు వచ్చి ఉంటాయి. మేకలున్నాయి, కోళ్లున్నాయి. ఆమె లేకపోతే నీళ్లు మోసేదెవరు? వసతి గృహంలోకి తల్లిని మాత్రమే రానిచ్చి ఆ పిల్లను గుమ్మం దగ్గర ఆపితే, ఆమె మర్నాడే కొండెక్కుతుంది. అందుకే బిడ్డకూ, తోడొచ్చిన అత్తకూ చాప, కంచం ఉండాలి. వార్డు తిండి సహించదు, అంబలి కావాలి. మాట కూడా అడ్డమే. సవర, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే అమ్మాయికి నర్సు తెలుగులో గదమాయిస్తే సగం అర్థం కాదు, అర్థమైన సగానికి భయమేస్తుంది. పెద్దాస్పత్రికి పోతే కడుపు కోస్తారన్న బెదురు పై ఊళ్లలో బలంగా ఉంది. ఆ బెదురు పోగొట్టాల్సింది వాళ్ల భాషే మాట్లాడే ఆశ కార్యకర్త, ఇదివరకు వసతి గృహంలో ఉండి బిడ్డతో తిరిగొచ్చిన పక్కింటి వదిన. మంత్రసానిని శత్రువులా చూడటం కూడా పొరపాటే. ఆమె ‘పోయి రా అమ్మా’ అంటే కదిలే ఇళ్లున్నాయి. ఆమెనే తోడుగా పంపితే ఎంత బాగుంటుంది!

దారి కష్టం తగ్గించడానికి 2018లోనే గిరిజన ప్రాంతాలకు బైక్ అంబులెన్సులు కూడా ఇచ్చారు. మోటారుసైకిల్ పక్కన రోగి పడుకునే తొట్టె. కంకర బాట ఉన్న ఊళ్లకు మేలే, రాళ్లమెట్ల ఊళ్లకు అదీ చేరదు.

ముందుచూపు మన యంత్రాంగానికి చేతకాదని ఎవరూ అనలేరు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ముంపు ఊళ్లలో కాన్పు దగ్గరపడ్డ వాళ్లను వెతికి ఆస్పత్రులకు తరలించారు. వరద రోజుల్లో చేసిన పని మామూలు రోజుల్లోనూ జరగాలి. ప్రతి పీహెచ్‌సీలో నెల మొదట్లో ఒక జాబితా కూర్చాలి: ఏ ఊళ్లకు రోడ్డు లేదు, అక్కడ ఎవరికి ఎనిమిదో నెల దాటింది, ఎవరికి నెత్తురు తక్కువగా ఉంది, ఎవరికి తొలిచూలు. సంత రోజున ఎలాగూ కిందికి దిగుతారు. ఆ రోజే పరీక్ష చేసి, అక్కడి నుంచే బండి ఎక్కించే ఏర్పాటు చేయాలి. ఒక్క అధికారి పట్టుదల మీదే నడిచే వసతి గృహం ఆయన బదిలీతో నీరసిస్తుంది. దానికంటూ ఏటా బడ్జెట్ పద్దు ఉండాలి. వంటమనిషి జీతం, బియ్యం, తోడొచ్చిన వాళ్ల తిండి ఖర్చు అందులోనే రాయాలి.

2018–20 లెక్కల ప్రకారం ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. దేశం సగటు 97. గర్వపడాల్సిన అంకెలే. కానీ రాష్ట్రం మొత్తాన్ని కలిపి తీసిన సగటులో కొండమీది పది గడపలు కనిపించవు.

ఇంకో ప్రయాణం సంగతి ఎవరూ పెద్దగా రాయరు. కాన్పయ్యాక తల్లీబిడ్డలను 102 బండి ఇంటికి దింపాలి. అదీ రోడ్డు చివరిదాకానే వస్తుంది. అక్కడి నుంచి పచ్చి బాలింత, నాలుగైదు రోజుల పసిగుడ్డును గుండెకు హత్తుకుని, రెండు మూడు గంటలు ఎక్కుతుంది. కుట్లు పచ్చిగానే ఉంటాయి. గెడ్డ దగ్గర ఆగి, పైట తడిపి మొహం తుడుచుకుని, మళ్లీ నడుస్తుంది. ఆమె ఇల్లు చేరాక ఎవరైనా వెళ్లి జ్వరం చూశారా అన్నది రాసుకోవడానికి ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో గడి ఉంది. అది నిండాలంటే ఎవరో ఒకరు ఆ కొండ ఎక్కాలి.