సూపర్‌మ్యాన్ వరదని ఎత్తి ఎక్కడ పోస్తాడు?

గ్రహాంతరవాసులు భూమ్మీదకి దండెత్తి వచ్చారనుకోండి. సూపర్‌హీరోలకి ఇది రోజూ ఉండే డ్యూటీయే. సూపర్‌మ్యాన్ ఎగిరి వెళ్లి ఓ ఓడని పిడికిలితో చీలుస్తాడు. వండర్ ఉమన్ కత్తి దూస్తుంది. బ్యాట్‌మ్యాన్ ఎప్పుడో రాసి పెట్టుకున్న ప్లాన్ బయటికి తీస్తాడు. చివరి అరగంట బిల్డింగులు కూలతాయి, మనం పాప్‌కార్న్ అవగొట్టేసి ఇంటికొచ్చేస్తాం.

ఇప్పుడు ఆ కథనే కాస్త మార్చి చూడండి. వచ్చినవాళ్లు లేజర్లు పేల్చలేదు. నీళ్లు వదిలారు. తీరం మునిగింది, ఊళ్లు మునిగాయి, మేడలు మునుగుతున్నాయి. హీరోలందరూ సిద్ధంగానే ఉన్నారు. కానీ ఎవర్ని కొట్టాలి?

ఇది నా ఊహ కాదు. 2018 చివర్లో డీసీ కామిక్స్ వాళ్లు అచ్చంగా ఇదే కథ వేశారు. పేరు ‘డ్రౌన్డ్ ఎర్త్’, అంటే మునిగిపోయిన భూమి. ‘జస్టిస్ లీగ్’, ‘ఆక్వామ్యాన్’ అనే రెండు పత్రికల మధ్య అటూ ఇటూ నడిచిన కథ. స్కాట్ స్నైడర్, జేమ్స్ టైనియన్, డాన్ ఆబ్నెట్ రాశారు. ఆక్వామ్యాన్ సినిమా డిసెంబర్‌లో రాబోతోంది కాబట్టి ఆ హీరోని ముందే జనం నోళ్లలో నాన్చాలన్న వ్యాపార లెక్క కూడా ఉండే ఉంటుంది. ఉంటే ఉండనీయండి, కథ మాత్రం మంచిది.

అందులో వచ్చేది అంతరిక్షపు సముద్ర దేవతలు. మనకి పొసైడన్ ఎలాగో, వేరే గ్రహాల సముద్రాలకి వీళ్లలా అన్నమాట. అట్లాంటిస్ మీద వీళ్లకి పాత పగ ఉంది. బ్లాక్ మాంటా, చీతా లాంటి మన లోకల్ విలన్లు వాళ్లకి తలుపులు తీస్తారు. వాళ్లతో పాటు వచ్చిన నీళ్లు మామూలు నీళ్లు కావు. తగిలిన మనిషి చేప మొహంతో, మొప్పలతో ఇంకో జీవిగా మారిపోయి వాళ్ల సైన్యంలో చేరిపోతాడు. అంటే మీరు కాపాడాల్సిన మనిషే పది నిమిషాల్లో మీ మీదకి వస్తాడు. నీళ్లలోంచి ఒకడిని లాగాలంటే ముందు ఆ నీళ్లు మీకు తగలకూడదు. రక్షించే పని ఇంత కష్టమైన సూపర్‌హీరో కథ నేను చాలా తక్కువ చూశాను.

సరే, ఆ మాయ సంగతి పక్కన పెడదాం. నీళ్లు ఉత్త నీళ్లే అయినా హీరోలకి కష్టమే. ఇంజనీరింగ్ చదివిన పాపానికి ఇలాంటి చోట కాలిక్యులేటర్ తీయకుండా ఉండలేను.

భూమ్మీద సముద్రాల విస్తీర్ణం సుమారు 36 కోట్ల చదరపు కిలోమీటర్లు. ఆ మొత్తం మీద నీటిమట్టం ఒక్క మీటరు పెరగాలంటే 3 లక్షల 60 వేల ఘన కిలోమీటర్ల నీళ్లు కావాలి. బరువులో చెప్పాలంటే 360 లక్షల కోట్ల టన్నులు. ఈ అంకె బుర్రకెక్కదు, కాబట్టి ఇలా చూడండి. నాగార్జునసాగర్ కట్టినప్పుడు దాని సామర్థ్యం 408 టీఎంసీలు, అంటే పదకొండున్నర ఘన కిలోమీటర్లు. అలాంటివి దాదాపు 31 వేల సాగర్లు నిండితే మీటరు. డ్రౌన్డ్ ఎర్త్ బొమ్మల్లో నీళ్లు మేడల పైఅంతస్తులకి తగులుతుంటాయి. మీటర్లు ఎన్నో మీరే లెక్కేసుకోండి.

సూపర్‌మ్యాన్ అంత బరువు ఎత్తగలడు, కాదనను. ఎత్తి ఎక్కడ పోస్తాడు? ఇక్కడ తోడితే పక్కనున్న నీళ్లు వచ్చి ఆ గుంట నింపేస్తాయి. కంటిచూపు మంటతో ఆవిరి చేస్తే మళ్లీ వానై మన నెత్తినే పడుతుంది. చల్లటి ఊపిరి ఊది గడ్డ కట్టిస్తే? మంచు నీళ్ల మీద తేలుతుంది. తేలే మంచు తన బరువుకి సరిపడా నీళ్లనే పక్కకి నెడుతుంది కాబట్టి మట్టం అంగుళం కూడా తగ్గదు. తొమ్మిదో క్లాసు ఆర్కిమెడిస్ సూత్రం సూపర్‌మ్యాన్‌ని ఓడించేసింది చూశారా! ఫ్లాష్ ఎంత వేగంగా పరిగెత్తినా ఒక్కో మనిషిని ఎత్తుకెళ్లి దించడానికి పొడి నేల ఉండాలి. ఆ నేలే కదా లేనిది.

అందుకే ఈ కథలో హీరోలు ఉక్కిరిబిక్కిరి అవుతారు. వాళ్ల బలమంతా ఎదురుగా నిలబడే శత్రువు కోసం తయారైంది. నీళ్లు నిలబడవు.

సున్నంతో గెలిచిన రోజులు

తమాషా ఏమిటంటే, జస్టిస్ లీగ్ పుట్టిందే సముద్రంలోంచి వచ్చిన గ్రహాంతర శత్రువుతో. 1960లో ‘ద బ్రేవ్ అండ్ ద బోల్డ్’ 28వ సంచికలో ఈ జట్టు మొదటిసారి కనిపించింది. రాసింది గార్డ్‌నర్ ఫాక్స్, బొమ్మలు మైక్ సెకౌస్కీ. విలన్ ఎవరంటే స్టారో, అంతరిక్షం నుంచి వచ్చిన రాక్షస నక్షత్రచేప. మధ్యలో ఒంటికన్ను. మన సముద్రాల్లో ఉండే మామూలు నక్షత్రచేపల్ని తనలాగే పెద్దవి చేసి ఊళ్ల మీదకి వదులుతుంది. 2021లో వచ్చిన ‘ద సూసైడ్ స్క్వాడ్’ సినిమాలో క్లైమాక్స్‌లో నడిచొచ్చే ఆకారం అదే.

మరి 1960లో దాన్ని ఎలా ఓడించారు? సున్నంతో! స్నాపర్ కార్ అనే కుర్రాడు ఇంటి ముందు గడ్డికి సున్నం చల్లుతుంటాడు. ఊరంతా స్టారో వశమైపోయినా వాడొక్కడూ మామూలుగానే ఉంటాడు. కారణం వాడి ఒంటికి అంటిన సున్నం అని హీరోలు కనిపెట్టి, స్టారో మీద బస్తాలకి బస్తాలు పోసేస్తారు. కథ సమాప్తం. చదువుతుంటే నవ్వొస్తుంది గానీ నాకు ఆ పరిష్కారం చాలా ఇష్టం. ఏ శక్తులూ లేని కుర్రాడి ఇంటి పనిలోంచి వచ్చింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బగ్ ఎక్కడుందో చూపించింది సీనియర్లు కాదు, యూజర్.

నీళ్లంటే వదలని రచయిత

డ్రౌన్డ్ ఎర్త్ రాసినవాళ్లలో ముఖ్యుడైన స్కాట్ స్నైడర్ సంగతి కొంచెం చెప్పాలి. ఈయన న్యూయార్క్ మనిషి. 2012 అక్టోబర్‌లో శాండీ తుపాను ఆ నగరం సబ్‌వే సొరంగాల్ని నీళ్లతో నింపేసింది. ఆ తర్వాతి ఏడాది ఆయన గ్రెగ్ కపుల్లోతో కలిసి బ్యాట్‌మ్యాన్ ‘జీరో ఇయర్’ మొదలుపెట్టాడు. అందులో రిడ్లర్ గోథమ్ నగరానికి కరెంటు తీసేసి, తుపాను సమయం చూసి సముద్రాన్ని ఊళ్లోకి వదిలేస్తాడు. తర్వాత నెలల తరబడి ఆ నగరం నీళ్ల మధ్య, మేడల మీద మొలిచిన పచ్చటి చెట్ల మధ్య బతుకుతుంది. బ్యాట్‌మ్యాన్ దగ్గర ఖరీదైన కారు లేదు, కంప్యూటర్ గుహ లేదు. చేతుల్లేని చొక్కా, మట్టి రోడ్ల మోటార్‌సైకిల్. ఆ కథలో నాకు గుర్తుండిపోయింది చివరి ఫైటు కాదు, దీపాల్లేని ఆ నగరం బొమ్మలు.

అదే సమయంలో ఆయన షాన్ మర్ఫీతో కలిసి ‘ద వేక్’ రాశాడు. 10 సంచికలు, 2013 నుంచి 2014 వరకు. 2014లో దీనికి ఐస్నర్ అవార్డు వచ్చింది, కామిక్స్‌కి అది ఆస్కార్ లాంటిది. మొదటి సగం సముద్రం అడుగున ఓ డ్రిల్లింగ్ కేంద్రంలో నడుస్తుంది. లీ ఆర్చర్ అనే సముద్ర జీవశాస్త్రజ్ఞురాలు, ఆమెకి ఎదురైన మత్స్యమానవులు. సరిగ్గా సగంలో కథ 200 ఏళ్లు ముందుకి దూకుతుంది. తీరాలన్నీ పోయాయి. మునిగిన అమెరికాలో లీవర్డ్ అనే అమ్మాయి, ఆమెతో పాటు డాష్ అనే డాల్ఫిన్. ఇందులో సూపర్‌హీరోలే ఉండరు. నా లెక్కలో ముంపు భవిష్యత్తు మీద వచ్చిన కామిక్స్‌లో ఇదే ముందు వరస. ఎందుకంటే ఇందులో నీళ్లు వెనక్కి పోవు. పోయిన ఊళ్లు పోయాయి. ఆ తర్వాత పుట్టినవాళ్లకి సముద్రం అలా ఉండడమే మామూలు.

ఈ కథలన్నింటికీ తాత లాంటిది ఒక ఇంగ్లిష్ నవల ఉంది. జాన్ విండమ్ 1953లో రాసిన ‘ద క్రాకెన్ వేక్స్’. ఆకాశం నుంచి ఎర్రటి అగ్నిగోళాలు వచ్చి సముద్రంలో బాగా లోతున్న చోట్లే పడతాయి. లోపలికి వెళ్లినవాళ్లెవరో ఎవరికీ తెలియదు, నవల అయిపోయేదాకా సరిగ్గా కనపడరు కూడా. ముందు ఓడలు మునుగుతాయి. అది కోల్డ్‌వార్ కాలం కదా, అమెరికా పక్షం, రష్యా పక్షం ఒకరినొకరు అనుమానించుకుంటూ కూర్చుంటాయి. బాకర్ అనే శాస్త్రవేత్త మొదటి నుంచీ హెచ్చరిస్తూనే ఉంటాడు, జనం ఆయన్ని పిచ్చివాడి కింద జమ కడతారు. చివరికి లోతుల్లో ఉన్నవాళ్లు ధ్రువాల మంచు కరిగించడం మొదలుపెడతారు. లండన్‌లో థేమ్స్ గట్టు ఎత్తు పెంచుతారు, ఇంకా పెంచుతారు, ఒకరోజు ఇక పెంచలేరు. కథ చెప్పేది భార్యాభర్తలైన ఇద్దరు రేడియో విలేకరులు. వాళ్లు చేసిన సాహసమల్లా చూసింది చూసినట్టు చెప్పడం, ఆ తర్వాత ఎలాగోలా బతికుండడం.

శాస్త్రం సంగతికొస్తే, భూమ్మీది నేలనున్న మంచంతా కరిగినా సముద్రం పెరిగేది 65, 70 మీటర్ల లోపే. 1995లో వచ్చిన కెవిన్ కాస్ట్‌నర్ ‘వాటర్‌వరల్డ్’లో ఎవరెస్టు కొన తప్ప అంతా మునిగిపోయిందన్నారు గానీ, 8,849 మీటర్ల కొండని అంతదాకా ముంచే నీళ్లు భూమ్మీద లేవు. బయటి నుంచి ఎవరైనా తెచ్చి పోయాల్సిందే. ఆ లెక్కన చూస్తే నీళ్లకి ఒక అడ్రస్ చూపించిన డ్రౌన్డ్ ఎర్త్ కథే నయం!

కానీ 70 మీటర్లు అక్కర్లేదు. అమెరికా వాతావరణ శాఖ జనానికి చెప్పే జాగ్రత్తల్లో ఒకటుంది: వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్లుంటే పెద్ద మనిషిని పడేస్తుంది, 30 ఉంటే చిన్న కారుని కొట్టుకుపోతుంది, 60 ఉంటే ఎస్‌యూవీల్ని కూడా. సూపర్‌హీరో కామిక్ ఈ స్థాయి నీళ్లని పట్టించుకోదు. దానికి మేడలు మునగాలి. వరదలో నిజంగా ప్రాణం తీసే చిన్న చిన్న విషయాల దగ్గర ఆ పేజీలు ఆగవు. తాగే నీళ్లు ఎక్కడివి? షుగర్ ఉన్న ముసలాయనకి ఇన్సులిన్ ఎవరు తెస్తారు? 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు డ్రోన్లతో అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు దించారు. చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు లేవు. ఈ ఒక్క ముక్క మీద ఎవరైనా ఓ సంచిక మొత్తం రాస్తే కొనుక్కుని చదువుతాను.

డ్రౌన్డ్ ఎర్త్ అమెరికాలో అమ్మకానికి రావడానికి రెండు మూడు నెలల ముందు, 2018 ఆగస్టులో, కేరళ మునిగింది. మత్స్యకారులు తమ పడవల్ని లారీలకెక్కించి ఊళ్లలోకి తీసుకెళ్లి వేలమందిని ఒడ్డుకి చేర్చారు. కేప్ లేదు, లోగో లేదు, నీళ్లంటే బాగా తెలుసు, అంతే. మన మత్స్యావతారం కథలో కూడా చూడండి, చేప ప్రళయంతో యుద్ధం చేయదు. వాసుకిని తాడుగా కట్టించుకుని పడవని లాక్కెళుతుంది.

ఆ మాటకొస్తే ఆక్వామ్యాన్‌ది కూడా ఇదే దారి. 1941లో పుట్టిన ఈ హీరోని చేపలతో మాట్లాడేవాడని దశాబ్దాలుగా వెక్కిరించారు. నేల మీద బ్యాంకు దొంగల్ని పట్టుకోవాల్సినప్పుడు చేపల భాష ఎందుకు పనికొస్తుంది చెప్పండి? డ్రౌన్డ్ ఎర్త్‌లో మాత్రం జట్టంతా అతని మొహం వైపు చూస్తుంది. మెరా రాణిగా బరువు మోస్తుంది, వండర్ ఉమన్ అతనికి తోడు దేవతల శ్మశానం దాకా వెళ్తుంది. అసలు పగ ఎందుకు మొదలైందో తెలిశాక, దాన్ని ఆపడానికి అతను తనని తాను పణంగా పెట్టేస్తాడు.

ఇక్కడే నాకో పేచీ ఉంది. కథ అయ్యేసరికి నీళ్లు వెనక్కి వెళ్లిపోతాయి, చేపలుగా మారినవాళ్లు మళ్లీ మనుషులవుతారు. తర్వాతి నెల సంచికలో మెట్రోపోలిస్ రోడ్లు పొడిగా ఉంటాయి. నెలనెలా నడవాల్సిన పత్రికలకి వేరే దారి లేదు, ఒప్పుకుంటాను. అయినా బురద ఏది? నానిన గోడలు ఏవి? రేషన్ కార్డు కొట్టుకుపోయినవాడు ఏ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు?

ఆ బాకీ కొంతవరకు తీర్చింది ఆక్వామ్యాన్ పత్రికే. అతను చనిపోయాడని లోకం అనుకుంటుంది. 43వ సంచిక నుంచి కెల్లీ స్యూ డికానిక్ రాసిన కొత్త కథలో, ఓ చిన్న పల్లె ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఒక గడ్డం మనిషికి తన పేరేంటో కూడా గుర్తులేదు. ఊళ్లోవాళ్లు పెట్టిన పేరు ఆండీ. సముద్రాలన్నిటికీ రాజు, అక్కడ ఊరివాళ్లకి చేతిసాయం చేస్తూ కాలం గడుపుతుంటాడు.

ఇవేవీ తెలుగులో రాలేదు, ఇంగ్లిష్‌లోనే చదవాలి. ఒక్కటే చదివే తీరిక ఉంటే ‘ద వేక్’ పట్టుకోండి, అదీ రాత్రి పూట వద్దు. మొదటి సగంలో సముద్రం అడుగున లైట్లు ఆరిపోయే పేజీలున్నాయి.