అన్నలు మారారు, చెల్లెలు సావిత్రే!

'పాశమలర్' చూశారా? భీంసింగ్ 1961లో తీసిన తమిళ చిత్రం. అన్న శివాజీ గణేశన్, చెల్లెలు మన సావిత్రి. ఆమె భర్త వేషం వేసిన జెమినీ గణేశన్ నిజజీవితంలోనూ భర్తే!

తల్లీతండ్రీ లేని ఇద్దరు. అన్న పెద్ద ఫ్యాక్టరీ యజమాని అవుతాడు. చెల్లెలు ప్రేమించినవాడు అతనికి గిట్టనివాడు. అయినా పెళ్లి చేస్తాడు. ఆ తర్వాతే అసలు కష్టాలు.

నన్ను కదిలించింది మాత్రం చివరి ఏడుపులు కాదండీ, జోలపాట. ఒకరికొకరు దూరమైన అన్నాచెల్లెళ్లు చెరొకచోట తమ బిడ్డలను ఊయలలో ఊపుతూ ఒకే పాట పాడతారు. పలకరింపు లేదు, పాటొక్కటే మిగిలింది! శివాజీ డైలాగులకు ఈలలు వేసే అభిమానులు కోప్పడినా సరే, ఆయన నటనకు ఇక్కడే నా ఓటు.

1962లో ఇదే కథ తెలుగులో 'రక్తసంబంధం' అయింది. అన్న ఎన్.టి.రామారావు. అదే ఏడాది 'గుండమ్మ కథ'లో ఆయనా సావిత్రీ ఆలుమగలు! జనం ఒప్పుకుంటారా? ఒప్పుకున్నారు, కళ్లొత్తుకున్నారు కూడా. జోలపాటలో అన్న గొంతు అక్కడ సౌందరరాజన్‌ది, ఇక్కడ ఘంటసాలది. చెల్లెలి గొంతు రెండుచోట్లా సుశీలదే.