మారిన మేత్రాణి

మతం గురించి మన సాహిత్య సభల్లో చర్చ వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినబడుతుంటాయి. మతం మారదని ఒకరంటారు. మారితే అది మతమే కాదని మరొకరంటారు. విచిత్రమేమంటే చర్చి పెద్దల్లోని ఛాందసులు చెప్పేదీ సరిగ్గా ఇదే. భౌతికవాదీ ఛాందసుడూ ఒకే మాట మీద నిలబడ్డప్పుడు ఆ మాటను కాస్త అనుమానించడం మంచిదని నా అభిప్రాయం. నేను విశ్వాసిని కాను. అయినా క్రైస్తవంలో మారడమంటే ఏమిటో, మారకపోవడం ఎవరికి లాభమో తేల్చుకోవడానికి వేదాంత గ్రంథాల కంటే ఒక మనిషి జీవితంలోని చివరి మూడేళ్లు ఎక్కువ పనికొస్తాయనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ మనిషి ఆస్కార్ రొమేరో. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశ రాజధానికి ఆర్చిబిషప్పు. మన కథోలికుల మాటలో చెప్పాలంటే అగ్రమేత్రాణి.

ఎల్ సాల్వడార్ చాలా చిన్న దేశం. కాఫీ తోటలూ చెరకు భూములూ కొద్ది కుటుంబాల చేతుల్లో వుండేవి. 1932లో తిరగబడిన పేద రైతులను సైన్యం వేల సంఖ్యలో చంపింది. చంపించిన భూస్వామీ, తుపాకి పట్టిన సిపాయీ, చచ్చిన కూలీ దాదాపు అందరూ ఒకే మతం వాళ్లు, ఒకే గుడిలో మోకరిల్లేవాళ్లు. అలాంటి చోట ఛాందసం వట్టి నమ్మకాల వ్యవహారం కాదు. పూజ పద్ధతి ప్రకారం జరగాలి, గురువు పరలోకం గురించే మాట్లాడాలి, కూలి రేటు ఊసెత్తకూడదు అన్నదే దాని సారం.

ఈ పద్ధతిని 1962–65 నాటి రెండవ వాటికన్ మహాసభ కదిలించింది. మన పల్లెల్లో లాటిన్ పోయి దివ్యబలిపూజ తెలుగులో వినబడటం ఆ సభ ఫలితమే. 1968లో కొలంబియాలోని మెడెలిన్ నగరంలో సమావేశమైన లాటిన్ అమెరికా మేత్రాణులు మరో అడుగు ముందుకేశారు. పేదరికం దైవనిర్ణయం కాదనీ, అన్యాయమైన వ్యవస్థే ఒక హింస అనీ చెప్పారు.

రొమేరోకు ఈ కొత్త గాలి పడలేదు. 1917లో పుట్టి, రోములో చదివి, 1942లో గురువైన ఆయన నియమాల మనిషి, పుస్తకాల మనిషి. చర్చి పత్రికకు సంపాదకుడిగా వున్నప్పుడు కొత్త పోకడల గురువులను విమర్శించినవాడు. 1975 జూన్‌లో ఆయన అప్పటి మేత్రాసనంలో త్రెస్ కాయెస్ అనే పల్లె మీద నేషనల్ గార్డు పడి రైతులను చంపింది. ఆయన వెళ్లి బాధితులను ఓదార్చాడు. నిరసన మాత్రం దేశాధ్యక్షుడికి ఉత్తరం రాసి సరిపెట్టుకున్నాడు. 1977 ఫిబ్రవరిలో ఆయన అగ్రమేత్రాణి కాగానే భూస్వాముల ఇళ్లలో సంతోషం, పేదల మధ్య పనిచేస్తున్న గురువుల్లో నిరాశ. వాళ్ల అంచనాలో తప్పేమీ లేదు. అప్పటిదాకా ఆయన జీవితం చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆయన స్నేహితుడు రుతీలియో గ్రాందే యేసుసభ గురువు. 1972 నుంచి అగిలారెస్ అనే చెరకు ప్రాంతంలో పనిచేస్తున్నాడు. అక్కడి కూలీలు చిన్న చిన్న గుంపులుగా కూర్చుని బైబిలు చదివేవాళ్లు. చదివి, అందులోని మాటను తమ కూలితోనూ తమకు లేని భూమితోనూ పోల్చి మాట్లాడుకునేవాళ్లు. 1977 మార్చి 12న పూజ చెప్పడానికి కారులో వెళుతున్న గ్రాందేని కాల్చి చంపారు. ఆయనతోపాటు వున్న ఒక వృద్ధుడూ ఒక బాలుడూ కూడా చనిపోయారు. ఆ రాత్రే రొమేరో అగిలారెస్ వెళ్లి మూడు శవాల ముందు నిలబడ్డాడు.

తర్వాత ఆయన చేసిన పని బయటివాళ్లకు చిన్నదిగా కనిపించవచ్చు. మార్చి 20 ఆదివారం తన అధికార పరిధిలోని గుళ్లన్నిటిలో పూజలు ఆపించి, రాజధానిలోని ప్రధానాలయం దగ్గర ఒక్కటే పూజ జరగాలన్నాడు. కథోలికులకు ఆదివారపు పూజ తప్పనిసరి విధి. పోపు రాయబారి అభ్యంతరం చెప్పాడు. నియమం కోసమే బతికినవాడు నియమాన్ని పక్కన పెట్టింది అప్పుడే. సంపన్నులు తమ పేట గుడిలో విడిగా పూజ వినే వీలు ఆ రోజు లేకుండా పోయింది. హత్యపై విచారణ జరిగేదాకా ప్రభుత్వ ఉత్సవాలకు రానన్నాడు. జులై 1న కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికీ వెళ్లలేదు. ఆదివారం ఆదివారం రేడియోలో ఆయన ప్రసంగం వచ్చేది. ఆ వారం చంపబడిన వాళ్లు, మాయమైన వాళ్లు ఎవరెవరో, ఎక్కడ ఏం జరిగిందో అందులో చదివేవాడు. పత్రికలు వేయని వార్త గుడిలోంచి వచ్చేది. ఆ రేడియో స్టేషన్ మీద బాంబులు వేశారు.

ఇక్కడ మనవాళ్లు తొందరపడకూడదు. రొమేరో మన కూటమిలో చేరిపోలేదు. విశ్వాస ప్రమాణంలో ఒక్క అక్షరం మార్చలేదు. జపమాల వదల్లేదు, పోపు మీద గౌరవం వదల్లేదు. వామపక్ష సాయుధ దళాలు చేసిన అపహరణలనూ హత్యలనూ ఖండించాడు. తనది మతమార్పిడి వంటి మార్పేమీ కాదనేవాడు. సంప్రదాయ భక్తీ ఛాందసమూ ఒకటి కావని నేననడం ఇందుకే. మారింది నమ్మకాల పట్టిక కాదు. ఆ నమ్మకాలకు ఎవరి ముందు జవాబు చెప్పుకోవాలి అన్నది మారింది. అగ్రమేత్రాణిగా ఆయన కాపురం కూడా కాన్సరు రోగుల ఆసుపత్రి ఆవరణలోని చిన్న ఇంట్లోనే. అయితే దీన్ని ఒక మహాత్ముడి అంతరాత్మ కథగా చదవడం కూడా పొరపాటే. అగిలారెస్ కూలీలు అంతకు ముందు అయిదేళ్లుగా సంఘటితమై వుండకపోతే ఆ శవాలు ఆయనకు ఏం చెప్పి వుండేవి? త్రెస్ కాయెస్‌లోనూ శవాలే కదా!

సాటి మేత్రాణుల్లో ఎక్కువమంది ఆయనకు ఎదురు తిరిగారు. రోముకు ఫిర్యాదులు వెళ్లాయి. 1980 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కార్టర్‌కు సైనిక సహాయం ఆపమని ఉత్తరం రాశాడు. మార్చి 23 ప్రసంగంలో నేరుగా సిపాయిలతోనే మాట్లాడాడు. సాటి రైతులను చంపమనే ఆజ్ఞను పాటించనక్కర్లేదన్నాడు. మరునాటి సాయంత్రం ఆసుపత్రి గుడిలో పూజ చెబుతుండగా కాల్చి చంపారు. హత్యకు ఆజ్ఞ ఇచ్చింది మాజీ సైనికాధికారి రాబర్టో దబిస్సాన్ అని 1993లో ఐక్యరాజ్యసమితి సత్య నిర్ధారణ సంఘం తేల్చింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. చర్చి నిర్వచనం ప్రకారం విశ్వాసం మీద ద్వేషంతో చంపబడ్డవాడే వేదసాక్షి. రొమేరోను చంపించిన వాళ్లూ జ్ఞానస్నానం పొందినవాళ్లే, పూజకు వెళ్లేవాళ్లే! కాబట్టి ఇది రాజకీయ హత్య అని వాదించి ఆయన ఫైలును ఏళ్ల తరబడి తొక్కిపట్టారు. పేదవాడి పక్షాన నిలబడటమే విశ్వాసమైతే, దాన్ని ద్వేషించినవాడు కథోలికుడైనా విశ్వాసాన్ని ద్వేషించినట్టేనని ఒప్పుకోవడానికి 35 ఏళ్లు పట్టింది. 2015 ఫిబ్రవరిలో వేదసాక్షి అన్నారు, 2018 అక్టోబరులో పునీతుడన్నారు. పై మెట్ల మీద మార్పు ఇంత నెమ్మది. మన దగ్గర మాత్రం? తెలుగు కథోలికుల్లో అత్యధికులు దళితులు. దేశంలో తొలిసారి ఒక దళితుడు, హైదరాబాదు అగ్రమేత్రాణి పూల అంతోని, కార్డినల్ కావడానికి 2022 దాకా పట్టింది.

అదే 2022 జనవరిలో గ్రాందేని ధన్యుడిగా ప్రకటించారు. ఆయనతో కారులో చనిపోయిన వృద్ధుణ్ణీ బాలుణ్ణీ కూడా అదే రోజు, అదే పూజలో ధన్యులన్నారు.