లండన్‌లో తొలి చలికాలం

కొత్తగా దిగిన తెలుగు విద్యార్థికి ఆ మహానగరం పెట్టే మొదటి పరీక్ష క్లాసులో ఉండదు. తలదాచుకునే గది దగ్గరే మొదలవుతుంది.

సెప్టెంబరులో హీత్రూ నుంచి బయటపడ్డ పిల్లలకు చేతిలో సీటు ఉంటుంది, చిరునామా ఉండదు. బ్యాంకు ఖాతాకు నివాస రుజువు అడుగుతారు. ఇల్లు చూద్దామంటే ఏజెంటు జీతం చీటీలో, స్థానికుల పూచీకత్తో కావాలంటాడు. రెండూ లేక ఈస్ట్ హామ్‌లోనో హౌన్‌స్లోలోనో తెలిసినవాళ్ల గదిలో ఒక పరుపు చోటు దొరికితే చాలనుకుంటారు.

కాగితంలో పేరు

ఆ సర్దుబాటు ఆదుకుంటుంది, నిజమే. కానీ అద్దె ఒప్పందం ఒకరి పేరునే ఉండి, మిగతావాళ్లు చేతికి డబ్బిచ్చి ఉంటే, రేపు గొడవొస్తే అడిగే హక్కు ఆ మిగతావాళ్లకు పెద్దగా మిగలదు. ఇంగ్లండ్ చట్టం అద్దెదారుకు గట్టి అండే ఇచ్చింది. మామూలు అద్దె ఇళ్లకు అడ్వాన్సు 5 వారాల అద్దె దాటకూడదు. అది అందిన 30 రోజుల్లో యజమాని దాన్ని ప్రభుత్వ ఆమోదం ఉన్న రక్షణ పథకంలో నమోదు చేయాలి. యజమాని అదే ఇంట్లో ఉంటూ గది ఇస్తే మాత్రం సాధారణంగా ఈ పథకం రక్షణ వర్తించదు. అందుకే గదిని కళ్లారా చూడకుండా, కాగితం చదవకుండా ఇక్కడి నుంచే డబ్బు పంపడం ప్రమాదం.

కట్టేశాం, వాడుకోవాలి

వీసాతోపాటే వైద్యానికి రుసుము కట్టి వెళ్తారు. అయినా చాలామంది జీపీ దగ్గర, అంటే ఆ పేటలోని ప్రభుత్వ డాక్టరు దగ్గర, పేరు రాయించుకోరు. జ్వరమొస్తే సూట్‌కేసులో తెచ్చుకున్న మాత్రలే దిక్కు. చిరునామా రుజువు లేకున్నా జీపీ నమోదు కుదురుతుంది. ఇంట్లో అందరూ పూర్తికాల విద్యార్థులైతే కౌన్సిల్ ట్యాక్సూ ఉండదు. యూనివర్సిటీ ఇచ్చే పత్రం చూపితే సరిపోతుంది.

కాగితాల పని అయ్యాక ఊరు తెలియాలంటే బస్సెక్కాలి. గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒక్క చార్జీయే. ఇల్ఫర్డ్‌లో 25 నంబరు ఎక్కి మేడమీద ముందు సీట్లో కూర్చుంటే స్ట్రాట్‌ఫర్డ్, మైల్ ఎండ్, వైట్‌చాపెల్ ఒకదాని వెంట ఒకటి కళ్లముందు తెరుచుకుంటాయి. చీరల దుకాణాలు, కూరగాయల బండ్లు దాటి బస్సు బ్యాంకుల అద్దాల మేడల మధ్యకు చేరుతుంది. సొరంగంలో పోయే రైలు ఈ వరస చూపించదు.

నాలుగింటికే చీకటి

అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. చదువు రోజుల్లో డిగ్రీ, పీజీ విద్యార్థులకు అనుమతి వారానికి 20 గంటల పనికే. ఆ పని ముగించి రాత్రి తొమ్మిదింటికి గదికి చేరేసరికి వరంగల్‌లో రెండున్నర. అమ్మకు ఫోన్ చేసే వేళ కాదు. బెంగ ముసిరేది అప్పుడే.

1888లో బారిస్టరు చదువుకు లండన్‌కే వెళ్లిన గాంధీ కూడా రాత్రుళ్లు ఇల్లు తలచుకుని కన్నీళ్లు పెట్టుకున్నారు. శాకాహారం కోసం వీధులన్నీ తిరిగి చివరికి ఫారింగ్డన్ వీధిలో ఒక భోజనశాల కనిపెట్టారు. తర్వాత శాకాహారుల సంఘంలో చేరి, తానుంటున్న బేస్‌వాటర్‌లో ఓ క్లబ్బే మొదలుపెట్టారు. కడుపు నింపుకోవడానికి వెతికిన దారే ఆయనకు మనుషుల్ని చూపించింది. ఈనాటి పిల్లలకూ తెలుగు స్నేహాలు కావాలి, వాటితోపాటు ఆ ఊరి స్నేహాలూ కావాలి. యూనివర్సిటీ క్లబ్బు, పేట గ్రంథాలయం, గుడిలో సేవ, ఏదైనా సరే.

సీనియర్లకు ఒక మాట: గదిలో చోటిచ్చినప్పుడు ఒప్పందంలో పేరు కూడా చేర్పించండి. తల్లిదండ్రులకు ఇంకో మాట: ఫోన్లో పార్ట్‌టైమ్ దొరికిందా అని అడిగేముందు జీపీ దగ్గర పేరు రాయించావా, ఇంటి కాగితం నీ పేరున ఉందా, ఒంట్లో బాగోకపోతే పక్కన ఎవరున్నారు అని అడగండి. ఈ మూడింటికీ జవాబు వచ్చిన రోజున మీ బిడ్డ లండన్‌లో కుదురుకున్నట్టు.