మేకుల కొట్లో ఆస్కార్

తలుపుకు మడతబందులు కావాలనో, గుప్పెడు మేకులు కావాలనో ఆ కొట్టుకు వచ్చినవాళ్లు లోపలికి వెళ్లే ముందు కిటికీ దగ్గర ఓ నిమిషం ఆగేవాళ్లు. అద్దం వెనక, ఇనుప సామాన్ల సరసన బంగారు రంగు బొమ్మ ఒకటి నిలబడి ఉండేది. అది అమ్మకానికి కాదు. ‘ది ఫిలడెల్ఫియా స్టోరీ’ సినిమాకు ఉత్తమ నటుడిగా జేమ్స్ స్టీవర్ట్ అందుకున్న ఆస్కార్ అది. కొట్టు యజమాని అలెగ్జాండర్ స్టీవర్ట్ ఆ నటుడి కన్నతండ్రి.

1941 ఫిబ్రవరిలో అవార్డు వచ్చిన రాత్రే ఆయన కొడుక్కి ఫోన్ చేశాడట. నీకేదో బహుమతి ఇచ్చారట, ఏమిటది, ఫలకమా బొమ్మా అని ఆరా తీశాడట. ఏదైతేనేం ఇంటికి పంపు, కొట్టు కిటికీలో పెడతానన్నాడట. కొడుకు పంపించాడు. దాదాపు ఇరవై ఏళ్లు ఆ బొమ్మ అక్కడే ఉంది.

హాలీవుడ్‌లో అద్దాల బీరువా ఎక్కాల్సిన బొమ్మ మేకుల పక్కన నిలబడ్డ ఆ ఊరి పేరు ఇండియానా.

గుడి నుంచి గంట దూరం

పేరుతోనే తికమక. అమెరికాలో ఇండియానా అంటే అందరికీ గుర్తొచ్చేది ఒక రాష్ట్రం. ఈ ఇండియానా మాత్రం పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్‌కు ఈశాన్యంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పట్నం. అదే పేరున్న కౌంటీకి కేంద్రం, అంటే మన లెక్కలో జిల్లా కేంద్రం లాంటిది. జనాభా సుమారు 14 వేలు. ఊళ్లో ఉన్న విశ్వవిద్యాలయం పేరు వింటే తికమక ఇంకాస్త ముదురుతుంది. అది ఇండియానా యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లలో చాలామంది ఈ ఊరి దరిదాపుల దాకా వెళ్లి వెనక్కి తిరిగినవాళ్లే. పిట్స్‌బర్గ్ శివారు పెన్ హిల్స్‌లో 1976లో వెలసిన వేంకటేశ్వరస్వామి గుడికి ఎక్కడెక్కడి నుంచో మనవాళ్లు వస్తుంటారు. దర్శనం చేసుకుని, పులిహోర తిని, 22వ నంబరు హైవే మీద తూర్పుగా సాగి, బ్లెయిర్స్‌విల్ దగ్గర 119 మీదకు మళ్లి ఉత్తరానికి వెళ్తే ఇండియానా వస్తుంది. గంట, మహా అయితే గంటుంబావు ప్రయాణం.

ఒకప్పుడు ఇది బొగ్గు నేల. కొండల కడుపులో గనులు, కొండల వాలులో క్రిస్మస్ చెట్ల తోటలు. ఈ తోటల పుణ్యాన ‘ప్రపంచ క్రిస్మస్ చెట్ల రాజధాని’ అని తనకు తానే బిరుదు ఇచ్చుకుందీ కౌంటీ. క్రిస్మస్‌కూ ఈ ఊరి నటుడికీ ఉన్న ముడి ఇంకొకటుంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

బాకీ కింద వచ్చిన సంగీతం

జేమ్స్ స్టీవర్ట్, ముద్దుగా జిమ్, 1908 మే 20న ఫిలడెల్ఫియా స్ట్రీట్‌లోని ఒక ఇంట్లో పుట్టాడు. ఊరి నడిబజారు అదే. తర్వాత కుటుంబం వినెగర్ హిల్ అనే మిట్ట మీది ఇంటికి మారింది. మిట్ట మీద ఇల్లు, దిగువన కొట్టు. తల్లి ఎలిజబెత్ పియానో వాయించేది. తాత అంతర్యుద్ధంలో పోరాడినవాడు. తండ్రి స్పెయిన్‌తో జరిగిన యుద్ధానికీ, మొదటి ప్రపంచ యుద్ధానికీ వెళ్లొచ్చినవాడు. జిమ్ తర్వాత ఇద్దరు చెల్లెళ్లు. తాతల నాటి కొట్టుకు మగ వారసుడు అతనొక్కడే.

అలెగ్జాండర్ వ్యాపారం తీరే వేరు. డబ్బు ఇవ్వలేనివాళ్లు వస్తువు ఇచ్చినా బాకీ కొట్టేసేవాడు. అలా ఒకసారి బాకీ కింద ఒక అకార్డియన్ కొట్టుకు చేరింది. దాన్ని వాయించడం పిల్లవాడికి నేర్పింది ఊళ్లో మంగలి షాపు నడిపే ఆయన. ఊళ్లోనే బిల్ నెఫ్ అనే కుర్రాడు గారడీ చేసేవాడు. జిమ్ అతనికి సహాయకుడిగా చేరి, మధ్యమధ్యలో అకార్డియన్ వాయించేవాడు. రేపు కోట్లమంది చూడబోయే నటుడు జనం ముందు నిలబడటం నేర్చుకున్నది అలా.

చదువుకు మెర్సర్స్‌బర్గ్ హాస్టలు బడి, ఆ పైన తండ్రి చదివిన ప్రిన్స్‌టన్. 1932లో ఆర్కిటెక్చర్ పట్టా చేతికొచ్చింది. ఇక ఇళ్లన్నా కట్టాలి, ఇంటికన్నా రావాలి. రెండూ జరగలేదు. ఆ వేసవిలో స్నేహితుడు జాషువా లోగన్ పిలిస్తే కేప్ కాడ్ తీరంలోని ఒక నాటక బృందంలో చేరాడు. అక్కడి నుంచి న్యూయార్క్. తోటి నటుడు హెన్రీ ఫోండాతో ఒకే గదిలో అద్దెకుంటూ వేషాల కోసం తిరిగాడు. 1935లో ఎంజీఎం స్టూడియో ఒప్పందం ఇచ్చింది. కొట్టు గల్లాపెట్టె ముందు కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

ఆరడుగుల మూడంగుళాల మనిషి, బక్కపలచన. మాట నీళ్లు నమిలినట్టు ఆగుతుంది, సాగుతుంది, మధ్యలో వెనక్కి వస్తుంది. అందగాళ్ల రాజ్యంలో ఇది లోపమే. కానీ ఆ మాటలో జనానికి తమ పక్కింటి కుర్రాడు వినిపించాడు. దర్శకుడు ఫ్రాంక్ కాప్రా దాన్ని పట్టుకున్నాడు. 1939లో వచ్చిన ‘మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్’లో అమాయక సెనేటర్‌గా గంటల తరబడి ప్రసంగించి కుప్పకూలే ఘట్టం ఉంది. దాని కోసం స్టీవర్ట్ డాక్టరు చేత గొంతులో మందు పూయించుకుని మరీ గొంతు బొంగురు చేసుకున్నాడు.

వెనక గడియారం, ముందు సైనికుడు

ఆస్కార్ చేతికొచ్చిన నెల తిరక్కుండానే, 1941 మార్చి 22న, అతను సైన్యంలో చేరాడు. అంతకుముందు బరువు చాలలేదని ఒకసారి తిప్పి పంపారు. నెలకు 21 డాలర్ల జీతగాడయ్యాడు. విమానం నడపడం అప్పటికే తెలుసు. ప్రచార చిత్రాలకు వాడుకుందామని అధికారులు చూస్తే, యుద్ధానికే పంపమని పట్టుబట్టాడు. సముద్రం దాటే ముందు తండ్రి జేబులో పెట్టిన ఉత్తరాన్నీ, బైబిల్‌లోని 91వ కీర్తననూ వెంట ఉంచుకున్నాడు. ఇంగ్లండ్‌లోని టిబెన్‌హామ్ స్థావరం నుంచి బి-24 బాంబర్ల దళానికి నాయకుడిగా ఎగిరాడు. 20 యుద్ధయాత్రలు చేసి కర్నల్ హోదాలో తిరిగొచ్చాడు.

వచ్చాక ఇండియానా చేరాడు. 1945 సెప్టెంబరు 24 నాటి ‘లైఫ్’ పత్రిక ముఖచిత్రం ఆ రోజులదే. యూనిఫాంలో స్టీవర్ట్, వెనక కోర్టు భవనం గడియారపు బురుజు. నాలుగేళ్లలో ముఖం పదేళ్లు ముదిరింది. నటన చేతనవుతుందా అన్న సందేహం అతనికే ఉంది. కొట్టు అక్కడే ఉంది. తండ్రికి వయసు మీద పడుతోంది.

ఉండిపోయినవాడి కథ

అప్పుడు కాప్రా ఒక కథ చెప్పాడు. బెడ్‌ఫర్డ్ ఫాల్స్ అనే చిన్న ఊరు. జార్జ్ బెయిలీ అనే కుర్రాడికి ప్రపంచమంతా తిరగాలని, పెద్దపెద్ద కట్టడాలు కట్టాలని కోరిక. తండ్రి హఠాత్తుగా పోతాడు. పేదవాళ్లకు ఇంటి అప్పులిచ్చే తండ్రి సంస్థను ఊళ్లోని ధనవంతుడు పాటర్ మింగేయకుండా ఉండాలంటే జార్జ్ ఉండిపోవాలి. ఉండిపోతాడు. చిన్నప్పటి చెవిటితనం వల్ల యుద్ధానికీ వెళ్లలేడు. తమ్ముడు హ్యారీ వెళ్తాడు, విమానం నడుపుతాడు, పతకంతో తిరిగొస్తాడు. 1946 డిసెంబరులో విడుదలైన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ ఇది.

ఇండియానా వీధిలో నిలబడి ఈ కథను తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకంటే నిజజీవితంలో స్టీవర్ట్ జార్జ్ కాదు, హ్యారీ. కట్టడాలు కట్టే చదువు చదివింది, ఊరు దాటింది, విమానమెక్కింది, పతకాలు తెచ్చింది అతనే. తెర మీద మాత్రం తండ్రి గల్లాపెట్టె దగ్గర ఆగిపోయిన కొడుకు వేషం కట్టాడు. తను బతకని బతుకు అది. సినిమాలో వంతెన మీద మంచులో నిలబడి వణికే ఆ మనిషిలో ఉన్నది నటన ఒక్కటే అనిపించకపోవడానికి కారణం బహుశా ఇదే.

ఆ మంచు కూడా అసలుది కాదు. బెడ్‌ఫర్డ్ ఫాల్స్ అంతా కాలిఫోర్నియాలో స్టూడియో వాళ్లు వేసిన సెట్టు. 75 దుకాణాలు, ఇళ్లతో ఒక బజారే కట్టారు. మండుటెండల్లో షూటింగ్. మంటలార్పే నురుగుతో మంచు కురిపించారు. అయినా ఇండియానా వాళ్లు ఆ బజారు తమదేనని మనసులో అనుకుంటారు. న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్ అనే ఊరూ అదే అంటుంది. తగవు తీర్చడానికి కాప్రా లేడు.

సినిమా అప్పట్లో పెట్టుబడి కూడా రాబట్టలేదు. 1974లో కాపీరైట్ పొడిగించుకోవడం ఎవరో మరిచిపోయారు. ఊరికే దొరికిన సినిమా కదా అని టీవీ స్టేషన్లు ఏటా క్రిస్మస్‌కు వేయడం మొదలుపెట్టాయి. మన ఇళ్లలో పండగ పూట ‘మాయాబజార్’ లాగా, అమెరికన్ ఇళ్లలో ఇది క్రిస్మస్ సినిమా అయిపోయింది. చెట్ల రాజధానికి ఇంకో క్రిస్మస్ ముడి అన్నది ఇదే. ఈ సినిమా పేరు మీద ఊళ్లో క్రిస్మస్ వేడుకలు కూడా జరుగుతాయి.

ఆ తర్వాతి స్టీవర్ట్ వేరు. ‘వించెస్టర్ 73’కు పారితోషికం బదులు లాభాల్లో వాటా అడిగాడు. ఇవాళ మన హీరోలకు అది మామూలే గానీ 1950లో స్టూడియోల పునాది కదిలించిన బేరం. దర్శకుడు హిచ్‌కాక్ అతనిలోని మంచి కుర్రాడిని పక్కకు నెట్టి, లోపలి చీకటిని బయటికి లాగాడు. ‘రియర్ విండో’లో కాలు విరిగి, కుర్చీలోంచి కదల్లేక పొరుగిళ్ల కిటికీల్లోకి చూసే ఫొటోగ్రాఫర్. ‘వెర్టిగో’లో చనిపోయిన స్త్రీ రూపాన్ని ఇంకో స్త్రీకి బలవంతంగా తొడిగే ఉన్మాది. 1958లో జనం అంతంతమాత్రంగా చూసిన ఆ ‘వెర్టిగో’, 2012లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల ఓటింగులో అన్ని కాలాల్లోకీ గొప్ప సినిమాగా నిలిచింది.

తండ్రి మాత్రం మారలేదు. 1959 నాటి ‘అనాటమీ ఆఫ్ ఎ మర్డర్’ అత్యాచారం కేసు చుట్టూ తిరిగే కథ. నిష్ఠగల ప్రెస్బిటేరియన్ అయిన అలెగ్జాండర్‌కు అది నచ్చలేదు. ఆ సినిమా చూడొద్దని స్థానిక పత్రికలో ప్రకటన వేయించాడని చెప్పుకుంటారు. కిటికీలో ఆస్కార్ పెట్టిందీ ఆయనే, పేపర్లో ప్రకటన వేయించిందీ ఆయనే. ఇంట్లో పెద్దలున్న ఎవరికైనా ఇందులో ఆశ్చర్యం కనిపించదు.

ఊరు దాచుకున్నవి

1961 డిసెంబరులో ఆ పెద్దాయన కన్నుమూశాడు. నడిపే చేతులు లేక కొట్టు ఆగిపోయింది. కొన్నేళ్లకు భవనాన్ని పడగొట్టారు. ఆ స్థలంలో ఇప్పుడున్నది బ్యాంకు. జార్జ్ ఊళ్లో ఉండిపోయాడు కాబట్టి బెడ్‌ఫర్డ్ ఫాల్స్‌లో తండ్రి సంస్థ నిలిచింది. ఇండియానాలో జిమ్ వెళ్లిపోయాడు. ఇందులో అతని తప్పేం లేదు. పాటర్ లాంటి దుర్మార్గుడూ ఎవరూ లేరు. కాలం చేతిలో చాలా కొట్లు పోయినట్టే ఇదీ పోయింది.

పోయినదానికి బదులన్నట్టు ఊరు మిగతావన్నీ దాచుకుంది. 1983 మే 20న, 75వ పుట్టినరోజుకు, కోర్టు ముందు స్టీవర్ట్ విగ్రహం పెట్టాలనుకున్నారు. నటుడు స్వయంగా వచ్చాడు, ఊరేగింపు జరిగింది. కంచు విగ్రహమే సమయానికి తయారు కాలేదు. ఫైబర్‌గ్లాస్ బొమ్మకు రంగేసి నిలబెట్టి పని కానిచ్చారు. కంచుది తర్వాత వచ్చి తన చోట నిలబడింది. ఫైబర్‌గ్లాస్‌ది మ్యూజియం చేరింది.

ఆ మ్యూజియం కోర్టు పక్కనే, ఊరి గ్రంథాలయం మూడో అంతస్తులో ఉంది. హంగూ ఆర్భాటం వద్దన్నది స్టీవర్ట్ పెట్టిన షరతు. 1995 మే 20న తెరిచారు. 1930ల నాటి టాకీసును తలపించే 50 సీట్ల చిన్న హాలు ఉంది లోపల. ఊరి విమానాశ్రయానికీ ఆయన పేరే. 1997 జులై 2న, 89 ఏళ్ల వయసులో, స్టీవర్ట్ బెవర్లీ హిల్స్‌లో పోయాడు. కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లోనే ఖననం చేశారు. ఇండియానాకు మనిషి రాలేదు, గొంతు మిగిలింది.

మిగిలిందన్నది మాటవరసకు కాదు. ఫిలడెల్ఫియా స్ట్రీట్ కూడళ్లలో పాదచారుల సిగ్నళ్లకు స్టీవర్ట్ గొంతును అనుకరించే మాటలు పెట్టారు. విగ్రహం ముందు నుంచి బయల్దేరి సిగ్నల్ దగ్గర నిలబడితే, ఆ సాగదీసిన, తడబడే గొంతు వీధి దాటమని చెబుతుంది. దాటితే అవతల బ్యాంకు. అక్కడ అప్పు దొరుకుతుంది. మేకులు మాత్రం దొరకవు.