పెద్ద సంఖ్యలన్నీ కొరుకుడుపడనివేనా?

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున 64 గళ్లూ నింపితే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలవుతాయి. ఇరవై అంకెల సంఖ్య. ఇంత పెద్దదాన్ని కారణాంకాలుగా విడగొట్టడం మనవల్ల కాదని, సంఖ్య పెరిగేకొద్దీ కష్టమూ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది అపోహ. ఈ సంఖ్య 64 రెండ్ల లబ్ధంలోంచి ఒకటి తీసేస్తే వచ్చినది కాబట్టి, బడిలో చెప్పే రెండు వర్గాల తేడా సూత్రాన్నే మళ్లీమళ్లీ వాడితే 3, 5, 17, 257, 65537, 4294967297గా విడిపోతుంది. చివరిదొక్కటే మొండికేస్తుంది. అది ప్రధాన సంఖ్యేనని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641, 6700417ల లబ్ధమని చూపించాడు.

ఇప్పుడు 67 రెండ్ల లబ్ధంలోంచి ఒకటి తీసేయండి. 14,75,73,95,25,89,67,64,12,927 వస్తుంది. పెరిగింది ఒక్క అంకే. కానీ 67 ప్రధాన సంఖ్య కావడంతో పాత సూత్రం ఇక్కడ పనిచేయదు. 1644లో మెర్సెన్ దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. 1876లో లూకాస్ అది కాదని తేల్చాడు, ఒక్క కారణాంకమూ చూపకుండానే. కారణాంకం లేనిదే ఎలా నమ్మడమని అడగవచ్చు. 91ని తీసుకోండి. అది ప్రధాన సంఖ్యే అయితే 90 రెండ్ల లబ్ధాన్ని దానితో భాగించినప్పుడు శేషం 1 రావాలి. రెండు తప్ప ఏ ప్రధాన సంఖ్యకైనా ఇది తప్పని నియమం. వచ్చేది 64. అంటే 7, 13 సంగతి తెలియకముందే 91 బండారం బయటపడింది. లూకాస్ పరీక్ష వేరైనా కోవ ఇదే, ఇందులో ఊహకు చోటు లేదు. కారణాంకాలు మాత్రం 1903లో గానీ దొరకలేదు. ఆ ఏడాది న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ వాటిని లోకానికి చూపించాడు.

కంప్యూటర్లు వచ్చాక ఈ తేడా ఎక్కడిదని మరో అభ్యంతరం. ఇరవై, ఇరవై ఒక్క అంకెల వరకు నిజమే, రెండూ కంప్యూటర్‌కు చిటికెలో పని. కానీ 1 పక్కన 250 సున్నాలు పెట్టిన సంఖ్యకు 2, 5 తప్ప ప్రధాన కారణాంకాలు లేవని పిల్లలైనా చెబుతారు. ఆర్‌ఎస్‌ఏ-250 అనే 250 అంకెల సంఖ్యను విడగొట్టడానికి 2020లో, ఒకే కంప్యూటర్ కోర్ మీదైతే 2,700 ఏళ్లు పట్టేంత లెక్క చేయాల్సి వచ్చింది. దానికంటే ఒక అంకె పెద్దదేమో సులువు, చిన్నదేమో కష్టం! కష్టమంతా సంఖ్య నిర్మాణంలో ఉంది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి చేసిన సంఖ్య ఎలాంటి సూత్రానికీ పట్టు ఇవ్వదు. ఇంటర్నెట్ లావాదేవీలను కాపాడే ఆర్‌ఎస్‌ఏ తాళాలకు ఆధారమూ అదే.

తీరిక ఉన్నప్పుడు కాగితం మీద 193707721ని 761838257287తో గుణించి చూడండి. మెర్సెన్ ప్రధానమనుకున్న ఆ ఇరవై ఒక్క అంకెలూ వరసగా వస్తాయి.