కొత్త సర్వరు కొన్నా బిల్లు ఎందుకు కదలదు?



న్యూజెర్సీలో కిరాణా కొట్టు నడిపే ఒక మిత్రుడు ఈమధ్య ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నాలుగు వేల డాలర్లు పోసి కొత్త సర్వరు కొన్నాను. అయినా శనివారం వస్తే కౌంటరు దగ్గర జనం నిలబడే ఉంటున్నారు" అని వాపోయాడు. ఆయన సరుకులు, ఖాతాలు అన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైల్లో ఉన్నాయి. ఆ ఒక్క ఫైలునే ఐదు కంప్యూటర్లు పంచుకుంటాయి. చిన్న వ్యాపారాలు చేసే చాలామంది దగ్గర ఉండే ఏర్పాటే ఇది. కాబట్టి ఈవారం దీని గురించే మాట్లాడుకుందాం.

ఇలాంటి ఏర్పాటులో సర్వరు ఒక బీరువా లాంటిది, అంతే. వెతికే పని కౌంటరు మీది కంప్యూటరే చేస్తుంది. ఇండెక్స్ లేని పట్టికలో ఒక సరుకును వెతకాలంటే పట్టిక మొత్తం కేబుల్ మీదుగా రావాలి. పట్టిక 120 మెగాబైట్లు అనుకోండి. 100 మెగాబిట్ల స్విచ్ సెకనుకు సుమారు 12 మెగాబైట్లే పంపగలదు, అంటే 10 సెకన్లు. ఐదుగురూ ఒకేసారి వెతికితే సర్వరుకున్న కేబుల్ ఒక్కటే కనుక అది 50 సెకన్ల దాకా పోతుంది. గిగాబిట్ స్విచ్ దీనికి పది రెట్లు వేగం.

మా మిత్రుడి కొట్లో జరిగింది ఇదే. సర్వరు కొత్తది, స్విచ్ మాత్రం పాతది! కొద్ది డాలర్లతో స్విచ్ మార్చాడు. బార్‌కోడ్‌కు ఇండెక్స్ పెట్టాడు, దానికి పైసా ఖర్చు లేదు. వైఫై మీదున్న కౌంటరుకు కూడా కేబుల్ లాగించాడు. రాస్తుండగా వైఫై తెగితే యాక్సెస్ ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది మరి.

అయితే సర్వరు మీద ఖర్చు ఎప్పుడూ దండగేనా? కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వాడేవారికి లెక్క వేరు. అక్కడ వెతికే పని సర్వరే చేసి, జవాబు మాత్రమే పంపుతుంది. అప్పుడు ముందుగా మెమరీ పెంచండి. తరచూ వాడే డేటా మెమరీలో పడితే డిస్కు దాకా వెళ్ళే పని తగ్గుతుంది. ఆ తర్వాత డిస్కు. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్‌డిస్కు అక్కడొకటి అక్కడొకటి ఉన్న ముక్కలను సెకనుకు వంద చొప్పున మాత్రమే తెస్తుంది. ఎస్ఎస్‌డి వేల సంఖ్యలో తెస్తుంది.

మరి ఏది కొనాలో తెలిసేదెలా? పని నెమ్మదించిన సమయంలోనే సర్వరు మీద టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. డిస్కు నూరు శాతం దగ్గర ఉంటే ఎస్ఎస్‌డి, మెమరీ నిండిపోతే మెమరీ, నెట్‌వర్క్ గీత పైకెక్కి అక్కడే నిలిచిపోతే స్విచ్. మూడూ ఖాళీగా ఉంటే డబ్బు జేబులోనే ఉంచి, ఇండెక్సులు, క్వెరీలు సరిచూడండి.

డబ్బుతో తగ్గనిది ఒకటుంది, అదే దూరం. మనలో కొందరి లెక్కలు హైదరాబాదులో కూర్చున్నవాళ్ళు చూస్తారు. న్యూజెర్సీ నుంచి అక్కడికి సుమారు 13,000 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే పోయి రావడానికి తక్కువలో తక్కువ 130 మిల్లీసెకన్లు. ఒక స్క్రీను తెరవడానికి వంద ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి వెళ్తే 13 సెకన్లు పోయినట్లే. ఎంత మంచి సర్వరైనా దీన్ని తగ్గించలేదు. అలాంటప్పుడు ప్రోగ్రామును డేటా పక్కనే ఉంచి, హైదరాబాదు వాళ్ళను రిమోట్ డెస్క్‌టాప్‌లో పని చేసుకోమనండి.

చివరగా ఒక మాట. మిగిలిన డబ్బుతో ఒక యూపీఎస్ కొని, రోజూ బ్యాకప్ తీయండి. ఖాతాలు ఆలస్యంగా వస్తే కస్టమరు విసుక్కుంటాడు, అసలే పోతే కొట్టే మూతపడుతుంది.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.